రాజీ వేరు.. సెటిల్‌మెంట్ వేరు

సంతకం ఇష్టంతో పెట్టిందా, భయంతో పెట్టిందా? అక్కడే చట్టం గీత గీసింది

కర్నూలు: జాతీయ లోక్ అదాలత్ జరిగే శనివారం నాడు ఏ జిల్లా కోర్టు ఆవరణకు వెళ్లినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోని అన్నదమ్ములు ఒకే బల్ల ముందు నిలబడి సంతకాలు చేస్తుంటారు. గట్టు తగాదాలో చెయ్యి చేసుకున్నవాడు, దెబ్బ తిన్నవాడు కలిసి టీ తాగి ఊరి బస్సెక్కుతారు. అదే రోజున ఏదో ఒక లాడ్జి గదిలోనో, ప్లాట్ల వ్యాపారి కార్యాలయంలోనో మరో రకం రాజీ జరుగుతూ ఉండవచ్చు. అక్కడా బల్ల ఉంటుంది, స్టాంపు కాగితాలు ఉంటాయి, పెద్దమనుషులూ ఉంటారు. లేనిది ఒక్కటే.. నాకు ఇష్టం లేదని చెప్పి లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ.

జనవ్యవహారంలో ఈ రెండింటినీ రాజీ అనే అంటారు. చట్టం మొదటిదాన్ని న్యాయ సంస్కరణగా ప్రోత్సహిస్తున్నది. రెండోదాన్ని నేరంగా చూస్తున్నది. ముఠా కట్టి పదే పదే అదే పని చేసేవారికి, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత యావజ్జీవ శిక్ష దాకా విధించింది. చిన్న కేసులను రాజీ ద్వారా పరిష్కరించడం, వ్యవస్థీకృత నేరాలను కఠినంగా అణచడం అన్నవి వేర్వేరు సంస్కరణలుగా చర్చకు వస్తుంటాయి. జిల్లా స్థాయిలో ఇవి ఒకదానికొకటి ఎంత దగ్గరగా ముడిపడి ఉన్నాయో తెలియాలంటే ముందు రాజీ నిబంధనలు చూడాలి.

ఫిర్యాదుదారు వద్దంటే కేసు పోతుందా?

పోదు. దెబ్బ తగిలింది ఒక వ్యక్తికే అయినా నేరం సమాజంపై జరిగినట్లు భావించి ప్రభుత్వమే కేసు నడుపుతుంది. అందువల్ల ఫిర్యాదు ఇచ్చిన వ్యక్తి మనసు మార్చుకున్నంత మాత్రాన కేసు మూతపడదు. ఈ నియమానికి మినహాయింపులు పూర్వపు నేర విచారణ ప్రక్రియా స్మృతి 320వ సెక్షన్‌లో ఉండేవి. ఇప్పుడవి భారతీయ నాగరిక సురక్షా సంహిత 359వ సెక్షన్‌లో ఉన్నాయి.

ఇందులో రెండు పట్టికలున్నాయి. స్వల్పంగా గాయపరచడం, దారి అడ్డగించడం, స్థలంలోకి అక్రమంగా చొరబడడం, సాధారణ బెదిరింపు వంటివి మొదటి పట్టికలో ఉన్నాయి. వీటిలో బాధితుడు తనంతట తాను రాజీ పడవచ్చు. తీవ్రంగా గాయపరచడం, మోసం వంటివి రెండో పట్టికలోనివి. వీటికి కోర్టు అనుమతి కావాలి. రాజీ కుదిరి కోర్టు నమోదు చేస్తే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్లే. పట్టికలో లేని నేరానికి కింది కోర్టులో రాజీ అన్న మాటే ఉండదు.

ఇదే సెక్షన్‌లో అంతగా ప్రచారం లేని మరో నిబంధన ఉన్నది. పూర్వం శిక్ష పడిన కారణంగా ఈసారి మరింత ఎక్కువ శిక్షకు గురికావలసిన ముద్దాయికి రాజీ అవకాశం లేదు. ఆవేశంలో ఒకసారి తప్పు చేసినవాడికే తలుపు తెరచి, అదే వృత్తిగా పెట్టుకున్నవాడికి మూసివేయాలన్న ఆలోచన చట్టంలో మొదటి నుంచీ ఉన్నదన్నమాట.

లోక్ అదాలత్ బలం, పరిమితి

దేశంలో తొలి లోక్ అదాలత్ 1982 మార్చి 14న గుజరాత్‌లోని జునాగఢ్ జిల్లా ఉనాలో జరిగింది. న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1987లో రూపొంది, 1995 నవంబరు 9న అమలులోకి రావడంతో దానికి చట్టబద్ధత లభించింది. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. చెల్లని చెక్కు కేసు క్రిమినల్ కోర్టు నుంచి వచ్చినదైనా సరే, లోక్ అదాలత్‌లో కుదిరిన మొత్తాన్ని సివిల్ డిక్రీ మాదిరిగానే వసూలు చేసుకోవచ్చునని సుప్రీంకోర్టు 2011లో తేల్చిచెప్పింది.

ఇంత బలమున్న వేదికకు తీర్పు చెప్పే అధికారం మాత్రం లేదు. ఎవరిది తప్పో నిర్ణయించడం దాని పని కాదని 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇరుపక్షాలు ఒప్పుకొన్నదాన్ని నమోదు చేయడమే దాని పని. ఒప్పందం కుదరకపోతే కేసు యథాతథంగా పాత కోర్టుకే తిరిగి వెళ్తుంది. రాజీకి నిరాకరించినందుకు కక్షిదారుకు ఏ నష్టమూ ఉండదు. రాజీకి వీలులేని నేరాలను లోక్ అదాలత్ ముట్టుకోరాదని చట్టంలోనే ఉన్నది.

అప్పీలు లేదంటే మోసపోయినవారి గతి ఏమిటన్న ప్రశ్న ఉమ్మడి హైకోర్టు నుంచి వెళ్లిన ఒక భూవివాదంలో తలెత్తింది. మోసంతో పొందిన అవార్డునైనా సివిల్ దావాలో ప్రశ్నించరాదని, హైకోర్టులో రిట్ వేయడమే మార్గమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పల్లె నుంచి వచ్చిన రైతుకు రిట్ అంటే అమరావతి ప్రయాణం, ఖర్చు. అందుచేత సంతకానికి ముందు కాగితం చదివించుకోవడం ఇక్కడ మామూలు జాగ్రత్త కాదు.

చెక్కు కేసుల్లో రాజీకి ఆలస్యమయ్యే కొద్దీ భారం పెరిగే పద్ధతిని సుప్రీంకోర్టు 2010లో పెట్టింది. 2025 సెప్టెంబరులో దాన్ని సవరించింది. ముద్దాయి తరపు సాక్ష్యం నమోదుకు ముందే చెల్లిస్తే అదనపు రుసుము లేదు. ఆ తరువాత తీర్పులోపు అయితే చెక్కు మొత్తంలో 5 శాతం, సెషన్స్ కోర్టు లేదా హైకోర్టులో 7.5 శాతం, సుప్రీంకోర్టు దాకా వెళ్తే 10 శాతం చెల్లించవలసి ఉంటుంది.

మూడు నెలల గడువు ఎందుకు?

భార్యను వేధించిన కేసుల్లో (పూర్వపు 498-ఏ) రాజీకి కేంద్ర చట్టంలో వీలు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2003లో ప్రక్రియా స్మృతిని సవరించి, కోర్టు అనుమతితో రాజీ పడే వీలు కల్పించింది. దానికి ఒక షరతు పెట్టింది. రాజీ కోరిన నాటి నుంచి కనీసం మూడు నెలలు గడవాలి. ఈలోగా ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గకుంటేనే కోర్టు అంగీకరించాలి.

చూడడానికి చిన్న షరతే. కాని రాజీ చట్టాలన్నిటిలో ఇంత తెలివైన నిబంధన మరొకటి కనిపించదు. పుట్టింటివారి ఒత్తిడితోనో, అత్తింటివారి బెదిరింపుతోనో తల ఊపిన స్త్రీకి ఆ మూడు నెలలు ఊపిరి తీసుకునే సమయం. నిజంగా కలిసిన కాపురమైతే మూడు నెలలకు చెడిపోదు. అది పాత స్మృతికి చేసిన సవరణ. కొత్త సంహిత రాజీ పట్టికలో వేధింపుల సెక్షన్ 85కు చోటివ్వలేదు.

ఆంధ్రప్రదేశ్‌కు చెందిన దంపతుల కేసులోనే 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, సర్దుబాటుకు ఆస్కారముండి ఇద్దరూ ఇష్టపడితే వేధింపుల కేసులను కూడా మధ్యవర్తిత్వ కేంద్రాలకు పంపవచ్చునని సూచించింది. ఆ పేరుతో చట్టం పదును తగ్గించరాదని అదే తీర్పులో హెచ్చరించింది. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం కూడా నేర విచారణను మధ్యవర్తిత్వానికి తగని అంశాల జాబితాలో చేర్చింది. రాజీకి వీలున్న నేరాలను కోర్టు పంపవచ్చునని మినహాయింపు ఇచ్చి, అక్కడ కుదిరిన ఒప్పందాన్ని మళ్లీ కోర్టే పరిశీలించాలన్నది.

హైకోర్టుకు వెళ్లినా దాటలేని గీత

పట్టికలో లేని నేరాల్లో రాజీ కుదిరితే కేసు కొట్టివేయాలంటూ హైకోర్టును ఆశ్రయించడం పరిపాటి. 2012 నాటి జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ అధికారానికి హద్దులు చెప్పింది. కుటుంబ, వ్యాపార, డబ్బు తగాదాల స్వభావమున్న కేసులను కొట్టివేయవచ్చు. హత్య, అత్యాచారం, దోపిడీ వంటివాటిని బాధితుడు క్షమించినా కొట్టివేయరాదు.

ఈ వ్యాసానికి ముఖ్యమైనది 2017 అక్టోబరు 4 నాటి పర్బత్‌భాయ్ ఆహిర్ తీర్పు. గుజరాత్‌లో నకిలీ పత్రాలతో భూమి కాజేశారన్న కేసు అది. భూయజమానితో రాజీ కుదిరింది గనుక కేసు కొట్టివేయాలని ముద్దాయిలు కోరారు. పైకి చూస్తే ఇద్దరి మధ్య భూమి తగాదాయే. హైకోర్టు మాత్రం ముద్దాయిల నేరచరిత్రను, వారు పరారీలో ఉండిన సంగతిని, ఫోర్జరీ, బలవంతపు వసూలు, కుట్ర ఆరోపణలను చూసి నిరాకరించింది. సుప్రీంకోర్టు దాన్నే సమర్థించింది. 2019లో మధ్యప్రదేశ్ కేసులోనూ రాజీని చూసే ముందు ముద్దాయి పూర్వ చరిత్రను, రాజీ ఎలా కుదిరిందో పరిశీలించాలని చెప్పింది.

సీమకు తెలిసిన రాజీ

ఇది కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల వారికి వివరించి చెప్పవలసిన విషయం కాదు. ఫ్యాక్షన్ హత్య కేసు రాజీకి వీలున్నది కాదు. కాగితం మీద రాజీ ఎక్కడా కనిపించదు. ఇరువర్గాల నాయకులు కలిసిపోయిన తరువాత, కళ్లారా చూసిన సాక్షి బోనెక్కి తానేమీ చూడలేదంటాడు. ఆ మౌనమే రాజీ. ముద్దాయిలు నిర్దోషులుగా బయటికి వస్తారు. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలిని ఆ ఒప్పందం గురించి అడిగినవారుండరు.

కొండారెడ్డి బురుజు దాటి పొరుగు ప్రాంతాలను చూసినా రూపం మారిందే గాని సారం మారలేదు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వ్యవహారంలో అప్పు వసూలు పేరుతో ఇళ్లు రాయించుకోవడం, స్త్రీలను వేధించడం వంటి ఆరోపణలు వచ్చాయి. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్ వద్ద పోలీసు కాల్పుల్లో మరణించిన నయీం ముఠాపై వచ్చిన ఆరోపణల్లో ప్రధానమైనవి భూముల సెటిల్‌మెంట్లే. ఆ తరువాత ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పడింది. రెండు చోట్లా బాధితులు మొదటి రోజే ఫిర్యాదు చేయలేకపోయారు. సంతకం వారిదే కదా!

111వ సెక్షన్ లెక్క

మహారాష్ట్ర 1999లో తెచ్చిన చట్టాన్ని అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టాన్ని చేసింది. మూడేళ్ల కాలపరిమితితో వచ్చిన ఆ చట్టం 2004లో ముగిసిపోయింది. రెండు దశాబ్దాల తరువాత భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్ దేశమంతటికీ ఒకే నిర్వచనాన్ని తెచ్చింది. అపహరణ, బలవంతపు వసూలు, భూ ఆక్రమణ, కిరాయి హత్య, ఆర్థిక నేరం, సైబర్ నేరం, మనుషుల అక్రమ రవాణా, మాదకద్రవ్యాలు, ఆయుధాల రవాణా వంటివి ఇందులోకి వస్తాయి. ఇద్దరు కలిసినా ముఠాయే. ప్రాణం పోతే మరణశిక్ష లేదా యావజ్జీవం, 10 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా. ఇతర సందర్భాల్లో కనీసం ఐదేళ్ల నుంచి యావజ్జీవం, 5 లక్షలకు తగ్గని జరిమానా. ఆశ్రయమిచ్చినవారికీ, ముఠా సొమ్ముతో ఆస్తి పెట్టుకున్నవారికీ కనీసం మూడేళ్లు.

ఈ సెక్షన్ పెట్టడానికి ఒక లెక్క ఉన్నది. మూడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరాలపై, గడచిన పదేళ్లలో ఒకటి కంటే ఎక్కువ ఛార్జిషీట్లు దాఖలై, కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉండాలి. అప్పుడే అది కొనసాగుతున్న నేర కార్యకలాపం అవుతుంది.

ఇక్కడే రాజీకీ ముఠాకూ ఉన్న ముడి బయటపడుతుంది. ఒక రైతును బెదిరించి ఎకరం పొలం రాయించుకున్నారనుకుందాం. అది బలవంతపు వసూలు. న్యాయ సంహిత 308 ప్రకారం ఏడేళ్ల దాకా శిక్ష ఉన్నది. రాజీ పట్టికలో ఈ నేరం లేదు. అదే ఫిర్యాదును సాధారణ బెదిరింపుగా మాత్రమే నమోదు చేస్తే శిక్ష రెండేళ్లకు మించదు. రాజీకి వీలు కలుగుతుంది. మూడేళ్ల లెక్కలోకి రాదు గనుక 111వ సెక్షన్‌కు పనికిరాదు. ఫిర్యాదునే తీసుకోకుండా ఠాణాలో కూర్చోబెట్టి సర్ది చెప్పి పంపితే అసలు ఛార్జిషీటే ఉండదు. పదిమంది రైతులకు ఇలా పదిసార్లు జరిగినా రికార్డులో ఆ ముఠాకు చరిత్ర లేనట్లే. మొదటి నేరస్తుడికి ఉద్దేశించిన రాజీ తలుపు గుండా ముఠా నాయకుడు దర్జాగా నడిచిపోతాడు.

విచారణార్హమైన నేరం జరిగినట్లు ఫిర్యాదు చెబుతుంటే కేసు నమోదు చేసి తీరాలని 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆదేశించింది. సెటిల్‌మెంట్లు చేసే అధికారం పోలీసులకు ఏ చట్టమూ ఇవ్వలేదు. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు లేదా బాధితుడికి ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలియజేయాలి. కేసు పెట్టారా లేదా అని మాత్రమే చూసుకుని ఇంటికి పోతే చాలదు. ఏ సెక్షన్ కింద పెట్టారో చూసుకోవాలి.

కఠిన చట్టాలకూ కళ్లెం అవసరమే

ముఠాల పేరు చెప్పి ఏ అధికారమైనా పోలీసుల చేతికి ఇవ్వవచ్చునా అంటే, గత అనుభవం అందుకు ఒప్పుకోదు. 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం.. వాడుకలో పీడీ చట్టం.. ప్రకారం విచారణ లేకుండానే ఏడాది దాకా నిర్బంధించవచ్చు. తెలంగాణలో దీని వినియోగాన్ని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరు 4న తీవ్రంగా ఆక్షేపించింది. శాంతిభద్రతల సాధారణ సమస్యకూ, ప్రజాజీవనం మొత్తాన్ని కల్లోలపరచే పరిస్థితికీ తేడా గుర్తించాలన్నది. మహారాష్ట్ర చట్టంలో కేసు నమోదుకు ముందే డీఐజీ స్థాయి అధికారి ఆమోదం తప్పనిసరి. 111వ సెక్షన్‌లో అటువంటి ముందస్తు ఆమోదం ప్రస్తావన లేదు. ఎస్పీకో, ఆపై అధికారికో ఇచ్చిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా తీసుకునే మహారాష్ట్ర నిబంధన కూడా ఇందులో లేకపోవడం కొంత ఊరట. ఛార్జిషీట్ల లెక్కను ఖచ్చితంగా పాటించడమే ఇక్కడ పౌరుడికి మిగిలిన రక్షణ.

పోయినది తిరిగి వస్తుందా?

ముఠా నాయకుడికి యావజ్జీవం పడినా బాధితుడికి పొలం రాదు కదా అన్న ప్రశ్న న్యాయమైనది. రాజీ వైపు జనం మొగ్గడానికి అసలు కారణం కూడా అదే. కోర్టులో గెలిస్తే శిక్ష, రాజీ పడితే డబ్బు. నాగరిక సురక్షా సంహిత 107వ సెక్షన్ ఈ పరిస్థితిని కొంత మార్చే వీలున్నది. నేరంతో సంపాదించినదని నమ్మిన ఆస్తిని జప్తు చేయాలని దర్యాప్తు అధికారి, ఎస్పీ లేదా కమిషనర్ ఆమోదంతో కోర్టును కోరవచ్చు. కోర్టు 14 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, వాదన విని, అది నేరార్జితమేనని తేల్చితే బాధితులకు దామాషా ప్రకారం పంచాలని కలెక్టరును ఆదేశిస్తుంది. కలెక్టరు 60 రోజుల్లో ఆ పని పూర్తి చేయాలి. బాధితులు లేకుంటేనో, పంచగా మిగిలితేనో అది ప్రభుత్వానికి చేరుతుంది.

అంతవరకు సాక్షి నిలబడాలి. సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 5న ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ప్రకారం ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉండాలి. జిల్లా పోలీసు అధిపతి సభ్యుడు, ప్రాసిక్యూషన్ విభాగం జిల్లా అధిపతి సభ్య కార్యదర్శి. ఏడేళ్లు, ఆపై శిక్ష పడగల కేసుల్లో సాక్షి లేదా అతని కుటుంబం దరఖాస్తు చేసుకోవచ్చు. డీఎస్పీ స్థాయి అధికారి ప్రమాద తీవ్రతపై నివేదిక ఇచ్చాక ఐదు పనిదినాల్లో నిర్ణయం తీసుకోవాలి. ఇంటి వద్ద గస్తీ, కోర్టుకు తోడు, రహస్య విచారణ మొదలు వేరే చోటికి మార్చడం వరకు రక్షణ ఉంటుంది. ప్రతి రాష్ట్రం ఇటువంటి పథకాన్ని ప్రకటించాలని కొత్త సంహిత 398వ సెక్షన్ ఇప్పుడు చట్టరీత్యా విధించింది.

రాజీకి పిలిచినప్పుడు భయముంటే న్యాయమూర్తి అడిగిన క్షణంలోనే చెప్పవచ్చు. ఇష్టపూర్వకంగానే వచ్చారా అని కోర్టు అడిగేది అందుకే. ప్రభుత్వమే కేసు ఉపసంహరించుకోదలచినా బాధితుడి వాదన వినకుండా కోర్టు అనుమతించరాదని 360వ సెక్షన్ చెబుతున్నది. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని నియమిస్తారు. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో తెల్లకాగితంపై దరఖాస్తు ఇచ్చినా, 15100 నంబరుకు ఫోన్ చేసినా సరిపోతుంది. సంతకం పెట్టిన మరుసటి రోజు కంటే ముందురోజు చేసిన ఫోనే మేలు.